ఇల్లు నిలిపిన చోటు

మా అన్నయ్యని డిపోలో అందరూ ‘హారన్’ అనేవాళ్ళు. బస్సు హారన్ పాడైనా పరవాలేదు, కిటికీలోంచి తల బయటపెట్టి ఆయన ఒక్క కేక వేస్తే ముందున్న లారీ పక్కకి తప్పుకుంటుందని వాళ్ళ వేళాకోళం. నిజానికి అందులో వేళాకోళం పెద్దగా లేదు. మా ఇంటికి వస్తున్నాడంటే వీధి మలుపులోనే తెలిసిపోయేది. ఆయన ఫోన్‌లో మాట్లాడుతుంటే మధ్యలో ఈ ఫోన్ దేనికో అనిపించేది. అలాంటి మనిషి చివరికి మంచినీళ్ళ గ్లాసు కూడా చప్పుడు కాకుండా కింద పెట్టడం నేర్చుకున్నాడు. ఎలా నేర్చుకున్నాడో చెప్పాలంటే ఆ బండి సంగతి చెప్పాలి. ఆ బండిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగమంతా దూరప్రయాణాల బస్సులే నడిపాడు. ‘ఎన్ని ఊళ్ళు చూశావో కదా అన్నయ్యా’ అంటే, ‘చూడ్డం ఎక్కడే పిచ్చిదానా, దాటాను. ఊరి మొదట్లో పెట్రోల్ బంకు, చివర స్పీడ్ బ్రేకరు. మధ్యలో ఏముందో నాకేం తెలుసు?’ అనేవాడు. రిటైరయ్యాక ఆ దాటిన ఊళ్ళన్నిట్లో ఆగాలని ఆయన కోరిక. ఎప్పటినుంచో మనసులో పెట్టుకున్నట్టున్నాడు. ఆఖరి డ్యూటీ దిగీ దిగగానే ఒక పాత సరుకుల వ్యాను కొన్నాడు. డిపో మెకానిక్కూ ఒక వడ్రంగీ కలిసి దాన్ని ఇల్లు చేసి ఇచ్చారు. వెనక అడ్డంగా మంచం, దానికి దళసరి కర్టెన్, మధ్యలో మడిచే బల్ల, మూలన గ్యాస్ పొయ్యి, పక్కన సింకు. గ్లాసులకి కొక్కేలు, పళ్ళేలకి బెల్టులు. కప్పు మీద సోలార్ పలకలు. డిపో క్వార్టర్స్ ఎలాగూ ఖాళీ చెయ్యాలి. పిల్లలు లేరు. అడ్డుచెప్పేవాళ్ళు ఎవరూ లేరు, నేను తప్ప.

“ఈ వయసులో కాలికి బలపం కట్టుకుని తిరగడం ఏమిటన్నయ్యా?” అన్నాను.

“ఇన్నాళ్ళూ జీతానికి తిరిగాను. ఇప్పుడు నాకోసం తిరుగుతాను” అన్నాడు.

వదిన అడ్డుచెబుతుందని ఆశపడ్డాను. ఆమెది ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో ఉద్యోగం. ఫ్రిజ్ పాడైనవాళ్ళు ఫోన్ చేసి తిడితే వినడం, వాళ్ళని చల్లబరచడం, మెకానిక్‌ని పంపడం ఆమె పని. ఇంట్లో కూర్చుని, లాప్‌టాప్ ముందు పెట్టుకుని, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని చెయ్యొచ్చు. ఆమె అడ్డుచెప్పలేదు సరికదా, “ఇన్నేళ్ళూ మీరు తిరిగారు, నేను కూర్చున్నాను. ఇప్పుడు మీరు తిరగండి, నేను బండిలో కూర్చుంటాను. కానీ ఉద్యోగం మాత్రం మానను” అంది. ఆ మాట ఎందుకందో నాకు తెలుసు. అన్నయ్య రోడ్ల మీద ఉన్నన్నాళ్ళూ ఆమె క్వార్టర్స్ కిటికీ పట్టుకుని బతికింది. “తిట్టడానికే అయినా రోజూ ఇంతమంది నాతో మాట్లాడాలని వరసలో కాచుకుని ఉంటారు అమ్మాయ్” అని నాతో ఒకసారి నవ్వుతూ అంది. అది నవ్వే మాట కాదు.

అలా బయల్దేరారు. ఆగాలనుకున్న చోట మాత్రం ఒక్కచోటా ఆగలేకపోయారు. ఏటి ఒడ్డున సిగ్నల్ ఉండదు. కొండమీద ఉంటుంది గానీ గాలి హోరు. ఊరి నడుమ రొద. వదిన కంపెనీలో మాటలన్నీ రికార్డవుతాయి. ముఖం కూడా తెలియని సూపర్‌వైజరమ్మ ఎవరో వాటిని విని మార్కులు వేస్తుంది. వెనక కుక్క మొరిగినా, గిన్నె పడినా, మొగుడు తుమ్మినా మార్కులు పోతాయి. మరీ తగ్గితే ఇంటినుంచి పని ఇక చాలు, ఆఫీసుకొచ్చి కూర్చోమంటారు. అందుకని మా అన్నయ్య టవర్ దగ్గరగా ఉండి, మనుషులు రాని చోట్లు వెతికి బండి నిలిపేవాడు. గోదాముల వెనక సందులు, మూతపడ్డ ఫ్యాక్టరీల గోడలు, పెద్ద షాపుల వెనక సరుకు దింపే జాగాలు. అవి కూడా ఎక్కువ రోజులు ఉండనివ్వరు. ఎవరో వచ్చి అద్దం మీద తడతారు, ఇంకో గోడ వెతుక్కోవాలి. బస్సు తోలేటప్పుడు కిటికీలోంచి కనిపించినపాటి ఊరు కూడా ఇప్పుడు ఆయనకి కనిపించలేదు.

బండిలో రెండో గది అంటూ ఉండదు. ఆమె బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుతుంటే ఆయన కర్టెన్ వెనక మంచం మీద ఉండాలి, లేదా బయటికి పోవాలి. నీళ్ళు తిప్పితే పంపు గుర్రుమంటుంది, తిప్పకూడదు. పొయ్యి మీద ఏమీ మరగకూడదు. వదిన అరచెయ్యి ఎత్తి చూపిస్తే దగ్గు వచ్చినా మింగాలి. పక్కకి జరిగే తలుపు కీచుమంటోందని అన్నయ్యే దాని పట్టాలకి గ్రీజు పూశాడు. పిల్లిలా తిరగడం అలవాటు చేసుకున్నాడు, ఆ ఆరడుగుల మనిషి.

వదిన గొంతు మాత్రం రోజంతా తేనెలా ఉండేది. “మీకు కలిగిన ఇబ్బందికి చాలా చింతిస్తున్నామండీ. ఒక్క నిమిషం లైన్‌లో ఉంటారా?” అని ఊరూపేరూ తెలియనివాళ్ళని బతిమాలేది. ఒకసారి వాళ్ళు మా వీధికి వచ్చినప్పుడు నేను ఊరుకోలేకపోయాను. “అన్నయ్యా, నువ్వు కూడా ఒక ఫ్రిజ్ కొని పాడుచేసుకో. అప్పుడు వదిన నీతోనూ మాట్లాడుతుంది” అన్నాను. వదిన పకపకా నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. కంగారుగా నాకేసి చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. వదిన డ్యూటీ అయిపోయి అప్పటికి చాలాసేపయింది. హెడ్‌సెట్ కొక్కేనికి వేలాడుతోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాకు అప్పుడే అనుమానం రావలసింది, రాలేదు. వదినకి అసలే రాలేదు. ఆమెని ఎన్నోసార్లు మనసులో తిట్టుకున్నాను గానీ, ఎలా వస్తుంది? మనిషికి మతిమరుపు మొదలైతే ఇంట్లో నాలుగు రోజుల్లో బయటపడుతుంది. కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరుకుతుంది, తాళాలు ఎక్కడో పెడతాడు, వీధి మలుపు తప్పుతాడు. ఆ బండిలో అలా కాదు. ఏ వస్తువుకైనా ఒకటే కొక్కెం. అక్కడ తగిలించకపోతే బండి కదిలినప్పుడు కిందపడుతుంది. కాబట్టి ఏదీ పోయేది కాదు. దారులన్నీ ఫోనే చెప్పేది, ఇప్పుడు అందరికీ అంతే కదా. ఇంక పొద్దున్నే లేచి కర్టెన్ తీసి “ఏమే, ఎక్కడున్నాం మనం?” అని అడిగేవాడు. నిజం చెప్పండి, రోజుకో చోట నిద్రలేచే మనుషులు అంతకంటే మామూలుగా అడిగే మాట ఇంకేముంటుంది? వదిన ఊరి పేరు చెప్పేది, ఆయన తలాడించేవాడు. ఆ జబ్బు వచ్చి తాపీగా ఆ ప్రశ్న వెనకాల దాక్కుంది.

నాకు తెలిసింది ఇలాగ. నాది బట్టలు కుట్టే షాపు, వెనకాలే ఇల్లు. ఆ తర్వాతిసారి వాళ్ళు వచ్చి షాపు ముందు బండి పెట్టారు. అన్నయ్య లోపలికి వచ్చి, నా మిషన్ పక్కన నిలబడి, గొంతు తగ్గించి, “అమ్మాయ్, బాత్రూం ఎటు?” అన్నాడు. ఆ ఇంటికి రంగులు వేయించింది ఆయనే. ఆ బాత్రూం తలుపు బిగించింది ఆయనే. నా కాళ్ళు మిషన్ మీద ఆగిపోయాయి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. బయటికొచ్చి, “ఇల్లు బాగుంది” అన్నాడు, కొత్తగా వచ్చిన చుట్టం అన్నట్టు.

వదినకి చెబితే, “నిద్రమత్తులో ఉంటారు, నువ్వు మరీను” అంది. నేను ఒంటికాలి మీద లేచాను. రోడ్డు మీద జనం ఆగి చూసేంత గొడవ పెట్టుకున్నాను. మా గొడవ జరుగుతున్నంతసేపూ అన్నయ్య బండి మెట్టు మీద కూర్చుని రెండు చేతులూ గాలిలో కిందికి ఆడిస్తూ, నెమ్మదిగా, నెమ్మదిగా అని సైగ చేస్తూనే ఉన్నాడు. అది చూశాక ఇద్దరం నోళ్ళు మూశాం. మర్నాడు ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడించింది. గడియారం బొమ్మ గీయమంది. అన్నయ్య గుండ్రంగా గీసి, అంకెలన్నీ ఒకే పక్కన కుక్కి, ఏదో తేడాగా ఉందని తెలిసి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సిగ్గుపడ్డాడు. ఆయన్ని బయట కూర్చోబెట్టి ఆమె మాతో చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

“ఇది వెనక్కి పోయే జబ్బు కాదమ్మా. మాత్రలతో కాస్త నెమ్మదిస్తుంది, నిద్ర కూడా ఎక్కువ వస్తుంది. కానీ మందుకంటే ముఖ్యం, ఆయన్ని ఒక్కచోట ఉంచండి. అదే గది, అదే వీధి, అదే తలుపు. గుర్తులే ఆయనకి ఊతకర్ర. మీరేమో రోజూ దాన్ని లాగేస్తున్నారు.”

వదిన అన్నిటికీ తలాడించింది. బయటికొచ్చాక, “ఈ వేసవి గడవనీ అమ్మాయ్” అంది. ఫ్రిజ్‌లు పాడయ్యేది వేసవిలోనే. అప్పుడు సెలవు అడిగితే ఊరుకోరట. వేసవి దాటితే ఆమెని పదిమంది మీద పెద్దగా వేస్తామన్నారట. అప్పుడు ఇక ఫోన్లు ఎత్తక్కర్లేదు, గొడవ ఉండదు, మీ పైగది తీసుకుని దిగిపోతాం అంది. నేను గొణిగాను, సణిగాను, ఒప్పుకున్నాను. బండి కదిలి వెళ్ళిపోతుంటే అన్నయ్య పక్క సీట్లో కూర్చుని చెయ్యి ఊపాడు. స్టీరింగ్ దగ్గర వదిన ఉంది, ఎప్పుడో ఆయనే నేర్పాడు. డాక్టరమ్మ ఆయన్ని ఇక నడపొద్దంది. పేరుకి హారన్, ఇప్పుడు కేకా లేదు, చక్రమూ లేదు.

ఇక ఆ రోజు. ఏదో ఊరి అంచున ఒక ఫర్నిచర్ షాపు వెనకాల బండి పెట్టుకున్నారు. పొద్దున్నే వదిన డ్యూటీలో కూర్చుంది. కాసేపటికి సిగ్నల్ బాగా పడిపోయింది, మెసేజ్‌లు తప్ప మాట పోవడం లేదు. టవర్ మరమ్మతులో ఉందట. అవతల సూపర్‌వైజరమ్మ దగ్గర్నుంచి ఎక్కడున్నావు, ఎక్కడున్నావు అని మెసేజ్‌లు. వేసవి, లైన్లు కిటకిటలాడుతున్నాయి. కర్టెన్ మూసి ఉంది, లోపల చప్పుడు లేదు. మాత్ర వేసుకుని పడుకున్నారు అనుకుంది. లేపడం ఎందుకని లాప్‌టాప్ మూసి, వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుని, ఊరు దాటించి అవతలి పక్క ఒక పెట్రోల్ బంకు వెనకాల నిలిపింది. మళ్ళీ హెడ్‌సెట్ పెట్టుకుంది. మధ్యాహ్నం కొంచెం విరామం దొరికితే పళ్ళెంలో భోజనం పెట్టి, మూత వేసి, కర్టెన్ కింద నుంచి మంచం చివరకి జరిపింది. అంతలో మళ్ళీ ఫోను. డ్యూటీ దిగాక, “ఏమండీ, ఎంతసేపు పడుకుంటారు?” అంటూ కర్టెన్ తీసింది. మూత పెట్టిన పళ్ళెం అలాగే ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. కొక్కేనికి ఆయన ఫోన్ ఉంది.

ఆమె ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు ఆయన దిగిపోయాడు. చప్పుడు చెయ్యకుండా, ఆమెకి మార్కులు పోకుండా, గ్రీజు పూసిన తలుపు మెల్లగా జరిపి, మళ్ళీ మెల్లగా వేసి. గాలి పీల్చుకుందామనో, ఒంటికి వెళదామనో. తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు.

మతి సరిగా ఉన్నవాడు కూడా ఆ క్షణంలో ఏం చేస్తాడో నాకు తెలియదు. పొద్దున లేచి ఎటు వెళ్ళినా సాయంత్రానికి ఇల్లు అక్కడే ఉంటుందని మనం ఎప్పుడూ అనుకోను కూడా అనుకోం. మా అన్నయ్య మాత్రం చాలా సబబైన పనే చేశాడు. ఇల్లు ఎక్కడుండాలో అక్కడ నిలబడ్డాడు.

వదిన నాకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, బండి వెనక్కి తిప్పింది. ఏం చెప్పిందో నాకు సగం అర్థం కాలేదు. ఆ తర్వాతిది మాత్రం ప్రతి మాటా విన్నాను. విననట్టయితే బాగుండేది.

బండి ఆగిన చప్పుడు. ఆ ఫర్నిచర్ షాపు వాచ్‌మన్ గొంతు. “మీవాడేనామ్మా? పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాడు. సరుకు లారీని కూడా రానివ్వలేదు, చేతులు అడ్డంపెట్టి నిలబడ్డాడు. ఎండలో వద్దు బాబూ నీడకి రా అంటే రాడు. కుర్చీ వేస్తే కూర్చోడు. ఏమన్నా అడిగితే, గట్టిగా మాట్లాడకు, లోపల మా ఆవిడ ఫోన్‌లో ఉంది అంటాడు. లోపలంటే ఎక్కడమ్మా? ఖాళీ నేల. మొదట నవ్వొచ్చింది గానీ, తర్వాత భయమేసింది.”

“ఏమండీ!” వదిన గొంతు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. తేనె లేదు, విసుగు లేదు. “ఏమండీ, ఇదిగో బండి, నేనండీ, ఎక్కండి.”

“నెమ్మదమ్మా, నెమ్మది” అన్నాడు అన్నయ్య. “మీ బండి ఇక్కడ పెట్టకూడదు. ఇది మా ఇంటి చోటు.”

“ఇదే మన ఇల్లండీ. నేనండీ, చూడండి ఇటు.”

“చూశానమ్మా. మీరు కొంచెం అటు తియ్యండి. మా ఆవిడ వస్తే చోటుండదు.”

పెళ్ళయిన నాటినుంచీ ‘ఏమే’ తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి ఆమెని ‘మీరు’ అంటున్నాడు. వదిన ఏడుస్తోంది. నేను నా షాపులో నిలబడి, గొంతు చించుకుని, “అన్నయ్యా, నేనే! ఆ బండి ఎక్కు! ఎక్కి మా ఇంటికి రా!” అని అరిచాను. తర్వాత, “మా చెల్లెలండీ. సరే, అది పిలిస్తే వెళ్ళాలి” అన్నాడు వాచ్‌మన్‌తో. బండి మెట్టు ఎక్కిన చప్పుడు వినిపించింది. నన్ను గుర్తుపట్టాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు సంతోషం రాదు, సిగ్గేస్తుంది, వదిన ముఖం చూడలేక.

ఆమె ఆ రాత్రే ఉద్యోగం వదిలేసింది. బండి అమ్మేసింది. మా పైగదిలోకి దిగారు. అదే గది, అదే వీధి, అదే తలుపు. డాక్టరమ్మ చెప్పినవన్నీ అక్షరం పొల్లుపోకుండా చేస్తోంది. మేము ఆశపడ్డాం, ఎండదెబ్బ వల్ల అలా అయిందేమో, నాలుగు రోజులు నిద్రపోతే గుర్తొస్తుందేమో అని. గుర్తొచ్చింది కొంత. డిపో మెకానిక్ వస్తే పేరు పెట్టి పిలిచాడు. నన్ను పిలుస్తాడు. బాత్రూం ఎటో తెలిసింది. వదిన ఒక్కతే గుర్తుకు రాలేదు.

ఆమె ఎవరో ఆ గది ఓనరని ఆయన ఉద్దేశం. పరాయి ఇంట్లో ఉన్నట్టు ఒద్దికగా ఉంటాడు. తన దుప్పటి తనే మడుస్తాడు. తన పళ్ళెం తనే కడగబోతాడు. ఫ్యాను వేసుకోవచ్చాండీ అని అడుగుతాడు. ఆమె మొదట్లో పెళ్ళిఫొటో చూపించేది, పాత సంగతులు చెప్పేది. ఆయన భయపడి మూలకి జరిగేవాడు. పరాయి ఆడమనిషి మీ పెళ్ళాన్నని చెబితే ఏ మర్యాదస్థుడైనా భయపడతాడు కదా. ఇప్పుడు ఆమె ఆ ప్రయత్నం మానేసింది. “ఓనరమ్మగానైనా పక్కన కూర్చోనిస్తున్నారు, అది చాలు” అంటుంది. చాలదు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది.

మొన్న సాయంత్రం ఉతికిన బట్టలు ఆరేయడానికి పైకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. వదిన కింద కూర్చుని ఆయన కాలి గోళ్ళు తీస్తోంది. ఆయన ఇబ్బందిగా కుర్చీలో వెనక్కి ఒదిగి ఉన్నాడు.

“మీకెందుకమ్మా ఈ శ్రమ. మా ఆవిడ వచ్చాక తీస్తుంది.”

“పరవాలేదులెండి” అంది. తలెత్తకుండానే అడిగింది. “మీ ఆవిడ ఎలాంటిదండీ?”

అన్నయ్య ముఖం విప్పారింది. అంత వెలుగు ఆయన ముఖంలో చూసి చాలా కాలమయింది.

“మంచిదమ్మా. చాలా మంచిది. కాకపోతే తీరిక లేదు పాపం.”

వదిన గోళ్ళు తీయడం ఆపలేదు. “ఇప్పుడు ఆవిడకి తీరికేనటండీ” అంది.

“అలాగా? అయితే వస్తుందిలెండి” అన్నాడు. ఆమె తల మీదుగా, తలుపు వైపు చూశాడు.